ముందు మెత్తబడాలి, పీచు ఆ తర్వాత: మలబద్ధకంతో ఒక డ్రైవర్ అనుభవం

తిరుపతిలో నేను కారు నడుపుతాను. సొంత బండే, ఒక ట్రావెల్స్‌కు అటాచ్ చేసి ఉంది. స్టాండులో నలుగురం చేరితే షుగరు గురించి మాట్లాడుకుంటాం, బీపీ గురించి మాట్లాడుకుంటాం, నడుం నొప్పికి ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో కూడా చెప్పుకుంటాం. మోషన్ గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. విప్పినా నవ్వులాటకే. నాకు ఆ బాధ వచ్చి తగ్గిందని తెలిశాక ఒక్కొక్కరే పక్కకు పిలిచి, "అన్నా, నీకెట్లా తగ్గిందన్నా, ఏ మందు వాడినావు?" అని అడగడం మొదలుపెట్టారు. ఒక మందు పేరు చెప్పి పంపించే సంగతి కాదిది. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను. కొంచెం పచ్చిగా ఉంటుంది, ఏమనుకోకండి. ఈ విషయాన్ని చాటుగా చెబితే ఎవరికీ పనికిరాదు.

నా పని ఎలాంటిదో చెబితేనే ఈ రోగం అర్థమవుతుంది. చెన్నై ఎయిర్‌పోర్టులో తెల్లవారుజామున ఫ్లైట్ ఉన్నవాళ్ళను తీసుకుపోవాలంటే అర్ధరాత్రి దాటగానే బండి తీయాలి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోయి వాళ్ళను దింపి, అక్కడే ఇంకో పార్టీని ఎక్కించుకుంటే మధ్యాహ్నానికి తిరుపతి. మర్నాడు పొద్దున్నే కొండ. ఆ పై రోజు కాణిపాకం, వేలూరు గోల్డెన్ టెంపుల్, అరుణాచలం ప్యాకేజీ. వరుసగా రెండు రోజులు ఒకే టైముకు లేచేది లేదు, ఒకే టైముకు తినేది లేదు. నీళ్ళు కూడా చూసుకొని తాగుతాం. మాటిమాటికీ బండి ఆపితే పార్టీ మొహం మాడ్చుకుంటుంది.

ఇక ఘాట్ రోడ్డు. కొండ దిగేది 1944లో వేసిన పాత దారిలో. మధ్యలో బండి ఆపకూడదు. తొందరపడి 40 నిమిషాల కంటే ముందే అలిపిరి చేరినా ఫైన్ కట్టాలి. పార్టీ దర్శనం ముగించుకొని వచ్చేలోపు నేను పైన ఇడ్లీ తిని కాఫీ తాగి ఉంటాను. వాళ్ళు బండెక్కి, లడ్డూల సంచులు సర్దుకొని, నాలుగు మలుపులు తిరిగామో లేదో కడుపులో కదలిక మొదలయ్యేది. ఏం చేస్తాం, బిగబట్టుకోవడమే. అలిపిరి వచ్చేసరికి అది అణిగిపోయేది. హమ్మయ్య, తప్పింది అనుకునేవాణ్ణి.

అది తప్పిపోయేది కాదని తర్వాత డాక్టర్ గారు చెప్పారు. తిన్న తర్వాత, ముఖ్యంగా పొద్దున మొదటిసారి తిన్న తర్వాత, పెద్దపేగు తనంతట తానే గట్టిగా కదులుతుంది. లోపలి సరుకు కిందికి, పేగు చివరి భాగమైన పురీషనాళంలోకి దిగుతుంది. అప్పుడే మనకు 'వస్తోంది' అని తెలుస్తుంది. ఆపుకుంటే ఆ కబురు ఆగుతుంది, సరుకు మాత్రం అక్కడే ఉంటుంది. పెద్దపేగు పనే నీళ్ళు పీల్చుకోవడం. రోజుకు లీటరున్నర దాకా నీరు అందులోకి చేరితే, మలంతో బయటికి పోయేది మామూలుగా 100 నుంచి 200 మిల్లీలీటర్లే. లోపల ఎంత ఎక్కువసేపు ఆగితే అంత ఎండిపోయి గట్టిపడుతుంది. పైగా రోజూ ఆపుతూ పోతే పురీషనాళం సాగడానికి అలవాటుపడి, ఆ కబురు పంపడం కూడా తగ్గించేస్తుందట. నాకు అదే జరిగింది. కొన్నాళ్ళకు కొండ దిగేటప్పుడు కడుపులో ఏ కదలికా ఉండేది కాదు. బాగుందనే అనుకున్నాను.

తర్వాత రోజూ రావడం ఆగింది. వచ్చినా ముక్కి ముక్కి చెమటలు పట్టేవి. మేక పెంటికల్లా విడివిడిగా నాలుగు ఉండలు, ఇంకా లోపల ఉందనే ఫీలింగు. పొట్ట ఉబ్బరం, ఆకలి లేకపోవడం, చిరాకు. మా ఆవిడ, "హారన్ కూడా కోపంగా కొడతాండావు" అనేది.

మొదట అందరిలాగే మెడికల్ షాపుకు పోయాను. "నైట్ ఒకటేసుకో అన్నా, పొద్దునకంతా క్లియర్" అని ఒక స్ట్రిప్ ఇచ్చాడు. బిసాకోడిల్ మాత్ర. అది పేగును రెచ్చగొట్టి కదిలించే రకం. వేసుకున్నాక 6 నుంచి 12 గంటల మధ్య ఎప్పుడైనా పనిచేస్తుంది. ఇంట్లో నిద్రపోయేవాడికి ఇబ్బంది లేదు. నేను సాయంత్రం వేసుకొని అర్ధరాత్రి చెన్నైకి బండి తీశాను. నగరి దాటాక మొదలైంది కడుపులో మెలి. వెనక సీట్లో అమెరికా పోతున్న అబ్బాయి, వాళ్ళ అమ్మానాన్న. వాళ్ళమ్మ ఏడుస్తోంది, అబ్బాయి ఓదారుస్తున్నాడు, నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకొని పెట్రోలు బంకు ఎక్కడుందా అని చూస్తున్నాను. బంకు కనబడగానే టైర్లలో గాలి చూడాలని చెప్పి పక్కకు తీశాను. గాలి చూసింది బంకు కుర్రాడే, నేను కాదు.

ఆ తర్వాత మాత్రలంటే భయమేసి 'నేచురల్' చూర్ణం కొన్నాను. డబ్బా మీద ఆకులు, పూలు. నాకు బాగానే పనిచేసింది, కొన్నాళ్ళకు మోతాదు పెంచితేగానీ కదల్లేదు. వెనక లేబుల్ చదివితే మొదటి పేరు సునాముఖి. సునాముఖి ఆకులో ఉండే సెన్నోసైడ్లూ పేగును రెచ్చగొట్టే రకమే, బిసాకోడిల్‌కు చుట్టాలు. ఆకు నుంచి వచ్చినంత మాత్రాన మందు కాకుండా పోదు. అవి విషం అని చెప్పడం లేదు. అవసరానికి వాడుకోవచ్చని డాక్టర్లే అంటారు. కానీ మందని తెలిసి వాడటం వేరు, తిండి అనుకొని చెంచాలకు చెంచాలు మింగడం వేరు.

పాకాల దగ్గర ఊళ్ళో మా అవ్వ ఉంది. ఫోన్లో చెబితే ఆమెది ఒకే మాట: "ఆముదం తాగరా అబ్బయా. నెలకొకసారి ముక్కు మూసి తాగిచ్చినాం కాబట్టే మీరు ఇట్లా పెరిగినారు." ఆముదం నిజంగానే విరేచనం చేయిస్తుంది, అందులో అనుమానం లేదు. కడుపంతా కడిగినట్టు పోయి, ఆ తర్వాత రెండు మూడు రోజులు ఏమీ ఉండదు. ఖాళీ అయిన పేగు నిండడానికి టైము పడుతుంది కదా. ఆ మధ్యలో మళ్ళీ రాలేదని భయపడి మళ్ళీ తాగితే, అదొక చక్రం.

ఇంట్లో మా ఆవిడ ఇంకో పక్క నుంచి మొదలుపెట్టింది. పీచు పెంచాలని ఎక్కడో విన్నది. పొద్దున క్యారెట్, మధ్యాహ్నం తోటకూర, రాత్రి రాగి సంగటి, పడుకునే ముందు ఇసబ్గోల్. ఇసబ్గోల్‌ను కొంచెం నీళ్ళలో కలిపి గుటుక్కున మింగేసి బండి ఎక్కేవాణ్ణి. దారిలో నీళ్ళు తాగితే ఆపాల్సి వస్తుందని తాగేవాణ్ణి కాదు. ఆ పొట్టు నీళ్ళు పీల్చుకొని జిగురుగా ఉబ్బేది. నీళ్ళు లేకుంటే లోపలే ముద్ద కడుతుంది. పొట్ట రాయి అయిపోయింది. బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకొని డ్రైవింగ్ చేశాను. ఎంత మంచి తిండి తింటే అంత ఉబ్బరం. ఇది నాకు అప్పట్లో ఎంతకీ అర్థం కాలేదు.

చివరికి ఒక పొద్దున గట్టిగా ముక్కినప్పుడు కోసినట్టు నొప్పి. చూస్తే ఎర్రటి రక్తం చుక్కలు. ఆ మంట వెంటనే తగ్గలేదు, మధ్యాహ్నం దాకా సలుపుతూనే ఉంది. డ్రైవర్ సీట్లో ఒక పిర్ర మీద ఒరిగి కూర్చొని శ్రీకాళహస్తి పోయి వచ్చాను. ఆ దెబ్బతో టాయిలెట్ అంటేనే టెన్షన్. వచ్చినా నొప్పి భయంతో ఆపుకోవడం, ఆపితే ఇంకా గట్టిపడటం, గట్టిదాన్ని తోస్తే పుండు మళ్ళీ చీలడం.

విన్నవాళ్ళందరూ మొలలు అన్నారు. మన ఊళ్ళో కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనకాల 'ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం' అని బోర్డులకు కొదవేముంది. అలాంటి ఒక చోటికి పోయాను. అక్కడ కూర్చున్నతను నన్ను పరీక్ష చేయకుండానే, కనీసం ఎప్పటినుంచి అని అడగకుండానే, ఇంజెక్షన్ ప్యాకేజీ రేటు చెప్పాడు. కారు బానెట్ ఎత్తకుండా ఇంజన్ పోయిందని చెప్పే మెకానిక్ దగ్గర నేను బండి వదలను. నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను.

మా బావమరిది ఒక జనరల్ సర్జన్ దగ్గరికి తీసుకుపోయాడు. పెద్దాయన. నేను "మొలలు సార్" అని మొదలుపెడితే, "అది నేను చెప్తాలే, నువ్వు ఏం జరుగుతోందో చెప్పు" అన్నారు. ఆయన అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాయడం అవసరం, ఎందుకంటే సగం వైద్యం వాటిలోనే ఉంది. వయసెంత? ఇది ఎప్పుడు మొదలైంది? రక్తం చివర్లో చుక్కలుగా పడుతోందా, మలంలో కలిసిపోయి వస్తోందా, నల్లగా తారులా ఎప్పుడైనా వచ్చిందా? బరువు తగ్గావా? ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా? మలం రానురానూ సన్నబడుతోందా? రాత్రి నిద్రలో నొప్పితో మెలకువ వస్తోందా? చివర్లో పడే చుక్కలు తప్ప మిగతా వాటిలో దేనికైనా అవునంటే, లేదా 45, 50 దాటిన మనిషికి ఇది కొత్తగా మొదలైతే, కొలనోస్కోపీ (గొట్టం పెట్టి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) దాకా పోవాల్సి వస్తుందని చెప్పారు. పొట్ట బిగిసి, వాంతులై, గాలి కూడా పోకుండా ఆగిపోతే అది మలబద్ధకం అనుకొని ఇంట్లో కూర్చోకూడదు, ఆముదమూ తాగకూడదు, నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి. నాకు అవేవీ లేవు.

తర్వాత పరీక్ష. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి మడిచి పడుకోమన్నారు. సిగ్గు ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. ఆయన వేలు కూడా పెట్టలేదు, చర్మం పక్కకు జరిపి టార్చితో చూశారు, అంతే. అర నిమిషం కూడా పట్టలేదు. కాగితం మీద ఒక గుండ్రం గీసి, గడియారంలో ఆరు ఉండే చోట చిన్న గీత పెట్టారు. "ఇది ఫిషర్. చర్మం చీలింది. వెనక వైపు మధ్యలోనే ఎక్కువగా వస్తుంది. మామూలుగా లోపలి మొలలకు రక్తం పడుతుందిగానీ ఇంత నొప్పి ఉండదు. నీకు మొలల ఇంజెక్షన్ వేసి ఉంటే డబ్బులు పోయేవి, నొప్పి పోయేది కాదు."

నేను వాడే మందులన్నీ తెమ్మన్నారు. బండి డ్యాష్‌బోర్డులో నుంచి తీసి టేబుల్ మీద పోశాను. అందులో నడుం నొప్పికి ఎప్పుడో ఒక డాక్టర్ రాసిచ్చిన మాత్ర ఉంది. పారాసిటమాల్‌తో ట్రమడాల్ కలిసినది. పాత చీటీ చూపించి కొంటూ వచ్చాను, లాంగ్ ట్రిప్ అయితే తప్పకుండా వేసుకుంటాను. సార్ ఆ స్ట్రిప్‌ను వేలితో పక్కకు తోసి, "ముందు ఇది" అన్నారు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు పేగు కదలికనే నెమ్మది చేస్తాయి. గ్యాస్‌కు నేను తాగే తెల్లటి సిరప్‌లో అల్యూమినియం ఉంటే అదీ కడుపు కట్టేస్తుందట. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, కొన్ని బీపీ మందులు, కొన్ని మానసిక వైద్యానికి ఇచ్చే మందులు కూడా ఇదే పని చేయగలవు. అలాగని వాటిని సొంతంగా ఆపేయకూడదు, రాసిన డాక్టర్‌ను అడిగి మార్పించుకోవాలి. రక్తపరీక్ష కూడా రాశారు: థైరాయిడ్, షుగర్, కాల్షియం, హిమోగ్లోబిన్. థైరాయిడ్ తక్కువగా ఉన్నా మలబద్ధకం వస్తుంది. నాకు అన్నీ నార్మల్.

ఆయన టేబుల్ అద్దం కింద ఒక బొమ్మల కాగితం ఉంది. బ్రిస్టల్ చార్ట్ అంటారట. మలం ఎలా ఉందో ఏడు రకాలుగా బొమ్మలు వేసి ఉంటుంది. ఒకటి, రెండు గట్టివి. మూడు, నాలుగు మంచివి. ఆ పైన పోయేకొద్దీ పలచన. "నువ్వు ఒకటిలో ఉన్నావు, నాలుగుకు రావాలి. రోజూ వచ్చిందా లేదా అని కాదు, ఏ నంబరు వచ్చిందో చూసుకో." రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా, బాధ లేకుండా వస్తే అది నార్మలే అని కూడా చెప్పారు. రోజూ పొద్దున్నే రాకపోతే ఒళ్ళంతా విషం ఎక్కుతుందని మా అవ్వ తరం నుంచీ నమ్ముతున్నాం. ఆయన దానికి నవ్వి ఊరుకున్నారు.

అప్పుడు అడిగాను, ఇంత పీచు తిన్నా ఎందుకు తగ్గలేదు సార్ అని. ఆయన చెప్పిందే నేను స్టాండులో అందరికీ చెబుతున్నాను. కింద గట్టిది అడ్డంగా ఉన్నప్పుడు, నొప్పితో మనిషి బిగబట్టుకుంటున్నప్పుడు, పై నుంచి పీచు వేసేకొద్దీ వెనక సరుకు పెరుగుతుంది, పేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గాలి తయారు చేస్తుంది. అడ్డం మాత్రం తొలగదు. ముందు మెత్తబడాలి. తర్వాత పుండు మానాలి. ఆ తర్వాత టైము, కూర్చునే పద్ధతి. పీచు వీటన్నిటి తర్వాత. పీచు చేసే మేలు అప్పుడే తెలుస్తుంది. ఎవరిని అడిగినా మొదటి మాటగా పీచు అనే చెబుతారు, నిజమే, మామూలుగా కొంచెం కడుపు కట్టినవాడికి అది చాలు. నా లాంటి కేసుకు వరుస తిరగబడింది.

మెత్తబడటానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాశారు. చీటీలో పెగ్ అని ఉంటుంది. గ్లాసు నీళ్ళలో కలుపుకొని తాగాలి. ఇది పేగును రెచ్చగొట్టదు, ఒంట్లోకి ఇంకదు, తాను కలిసిన నీటిని పట్టుకొని మలంలోనే ఉంచుతుంది. అందుకే మెలితిప్పే నొప్పి ఉండదు. ఆ రాత్రికి రాత్రే అద్భుతం జరగదు, ఒకటి నుంచి మూడు రోజులు ఓపిక పట్టాలి. లాక్టులోజ్ సిరప్ కూడా ఇలాంటి పనే చేస్తుందిగానీ కొందరికి గ్యాస్ ఎక్కువ చేస్తుంది, ముందే ఉబ్బరంగా ఉన్న నాకు వద్దన్నారు. పుండుకు డిల్టియాజెమ్ 2 శాతం ఆయింట్‌మెంట్. చీలిక దగ్గర లోపలి కండరం బిగుసుకుపోయి రక్తం సరిగా అందక పుండు మానదట. ఈ మందు ఆ కండరాన్ని వదులు చేస్తుంది. నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్ కూడా ఉంటుందిగానీ దానితో తలనొప్పి వస్తుంది, డ్రైవర్‌వి కదా అని అది రాయలేదు. నొప్పి పోయినా 6 నుంచి 8 వారాలు పూయాల్సిందేనని గట్టిగా చెప్పారు. మధ్యలో ఆపేసినవాళ్ళే మళ్ళీ తిరిగి వస్తారట.

ఇంకొకటి, గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోవడం. పిల్లలకు స్నానం చేయించిన పాత ప్లాస్టిక్ టబ్బు మా ఆవిడ అటక మీద నుంచి దింపింది. మోషన్ అయ్యాక పది పదిహేను నిమిషాలు అందులో కూర్చోవాలి. ఉప్పు, డెట్టాల్ ఏమీ వేయనక్కర్లేదు, ఉత్త వేడినీళ్ళు చాలు. చిన్న టబ్బులో ఇంత మనిషి కాళ్ళు బయటికి పెట్టుకొని కూర్చుంటే మా చిన్నోడు వచ్చి చూసి, వాళ్ళ అక్కను కూడా పిలుచుకొచ్చాడు. ఆ టబ్బులో కూర్చున్నంతసేపు మాత్రం ప్రాణం లేచి వచ్చేది. అన్ని మందుల్లోకీ నాకు మొదట సుఖం ఇచ్చింది అదే, ఖర్చు సున్నా.

కొన్నాళ్ళకు మలం మెత్తబడింది, నొప్పి తగ్గింది. అయినా పూర్తిగా రాలేదన్న ఫీలింగు పోలేదు. రెండోసారి పోయినప్పుడు సార్ జెల్లీ రాసి వేలితో పరీక్ష చేస్తూ ముక్కమన్నారు. ముక్కాను. "చూడు, నువ్వు బయటికి తోస్తున్నానని అనుకుంటున్నావు, నీ కండరం నా వేలిని బిగించి పట్టుకుంటోంది" అన్నారు. తోసేటప్పుడు వదులు కావాల్సిన కండరం బిగుసుకుంటోందన్నమాట. నొప్పి భయంతో ఒళ్ళు నేర్చుకున్న అలవాటు అది, నొప్పి పోయినా అలవాటు పోలేదు. కొందరికి ఏ పుండూ లేకుండానే ఇలా ఉంటుంది. ఏళ్ళ తరబడి పొడులు మింగుతూ ఉంటారు, తగ్గదు. వాళ్ళకు పెద్దాసుపత్రుల గ్యాస్ట్రో విభాగాల్లో మానోమెట్రీ అని ఆ కండరాల బిగువు కొలిచే పరీక్ష చేసి, బయోఫీడ్‌బ్యాక్ అని కండరాలకు ట్రైనింగ్ ఇస్తారు. స్క్రీన్ మీద తమ కండరం బిగుస్తోందా వదులవుతోందా చూసుకుంటూ నేర్చుకుంటారు. "నీకు అంత దాకా అక్కర్లేకపోవచ్చు, ముందు ఇంట్లో చెయ్" అని కూర్చునే పద్ధతి నేర్పారు.

మా అద్దె ఇంట్లో వెస్టర్న్ కమోడ్. ఊళ్ళో గొంతుక్కూర్చునే రకం. గొంతుక్కూర్చున్నప్పుడు పేగు చివరి వంపు కొంచెం సాఫీ అవుతుంది. ఆ వంపును లాగి పట్టుకునే కండరం ఒకటి ఉంటుంది, మామూలుగా కూర్చుంటే అది పూర్తిగా వదలదు. అందుకని కమోడ్ ముందు కాళ్ళ కింద ఒక పీట వేసుకోమన్నారు. మా ఇంట్లో పూజ దగ్గర పీట తీసుకుంటే ఏమవుతుందో తెలుసు కాబట్టి బజారులో జానెడు ఎత్తు ప్లాస్టిక్ స్టూలు కొన్నాను. మోకాళ్ళు నడుం కంటే పైకి రావాలి. ముందుకు వంగి మోచేతులు తొడల మీద పెట్టుకోవాలి. ఊపిరి బిగబట్టి ముక్కకూడదు. నోరు కొంచెం తెరిచి నెమ్మదిగా గాలి వదులుతూ, పొట్టను లోపలికి పీల్చకుండా ముందుకు ఉబ్బనివ్వాలి. చదివితే తమాషాగా ఉంటుంది. ఒకసారి చెయ్యి పొట్ట మీద పెట్టుకొని నోరు తెరిచి గాలి వదిలి చూడండి, కింద కండరం దానంతటదే జారుతున్నట్టు తెలుస్తుంది. నోరు మూసి బిగబడితే అది కూడా బిగుస్తుంది.

ఫోను లోపలికి తీసుకుపోవద్దన్నారు. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయాలి, మళ్ళీ తిన్న తర్వాత చూసుకోవచ్చు. గంటలు గంటలు కూర్చుంటే మొలలు నిజంగానే వస్తాయట. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే, ట్రిప్పుల మెసేజీలన్నీ నేను చూసుకునేది అక్కడే.

ఇక టైము. "సార్, నాకు టైమంటూ ఒకటి ఉండదు" అన్నాను. "పేగు గోడ గడియారం చూడదు, నువ్వు తిన్నదాన్ని చూస్తుంది. ఏ టైముకు లేచినా సరే, ఏదైనా కొంచెం వెచ్చగా తిని, అరగంట లోపల వెళ్ళి కూర్చో. వచ్చినా రాకపోయినా కూర్చో. తర్వాతే బండి తియ్" అన్నారు. ఇప్పుడు అర్ధరాత్రి ట్రిప్పు ఉంటే మా ఆవిడ ఫ్లాస్కులో రాగి అంబలి పోసి పెడుతుంది. లేవగానే అది తాగి, బండి తుడిచి, టైర్లు చూసుకొని లోపలికి పోతాను. మొదట్లో ఏమీ జరిగేది కాదు, వెర్రివాడిలా కూర్చొని లేచి వచ్చేవాణ్ణి. వారాలు గడిచేకొద్దీ ఆ పోయిన కబురు మళ్ళీ రావడం మొదలైంది. కొండ మీద కూడా పద్ధతి మార్చాను. ఇడ్లీ తినేది పార్టీ ఫోను చేసినప్పుడు కాదు, వాళ్ళు క్యూ లైన్లోకి పోగానే. దిగే ముందు పైనే పని ముగించుకొని వస్తాను.

పీచు అప్పుడు మొదలైంది, అదీ కొంచెం కొంచెంగా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాముల దాకా ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. మన చిత్తూరు సైడు పుట్టినవాడికి ఇంతకంటే సులువైన మందు ఏముంది? కాకపోతే హోటళ్ళలో సంగటి అని పెట్టేదాంట్లో సగం పైన బియ్యమే, రంగు చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లో పిండి ఎక్కువ వేసి గెలుకుతారు. తోడుగా పుల్లగూరో, చెనిక్కాయల ఊరిమిండో, చలికాలం అనపగింజల కూరో. ఉలవలు, అలసందలు వారంలో ఎప్పుడో ఒకసారి. దారిలో పరోటా మానేశానని చెప్పను, తగ్గించాను. బండిలో జామకాయలు పెట్టుకుంటాను. జామ తింటే కడుపు కడుతుందని మనవాళ్ళు అంటారుగానీ దోరకాయ గింజలతో సహా తిన్నా నాకు మేలే చేసింది, పీచు బాగా ఉన్న పండు అది. ఇసబ్గోల్‌ను కూడా మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో, పైన ఇంకో గ్లాసు తాగి, అదీ బండి నడపని రాత్రుల్లో. అదే పొట్టు, ఇంతకు ముందు పొట్టను రాయి చేసినదే, ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది.

నీళ్ళ గురించి ఒక మాట. బిందెల కొద్దీ తాగితే మోషన్ ఫ్రీ అవుతుందని చాలామంది చెబుతారు. ఒంటికి చాలినంత తాగేవాడు ఇంకా ఎక్కువ తాగితే ఆ నీళ్ళు మూత్రంలో పోతాయి, మలం పెద్దగా మారదు. నాలాగా ఎండలో ఏసీ ఆపుకొని పార్కింగ్‌లో పడుకుంటూ, నీళ్ళు దాచుకొని తాగేవాడికి మాత్రం చాలినంత తాగడమే పెద్ద తేడా. మూత్రం ముదురు పసుపుగా ఉంటే తక్కువ తాగుతున్నట్టు లెక్క.

నడుం నొప్పికి వేరే డాక్టర్‌కు చూపించి ట్రమడాల్ మానిపించారు. సీటు వెనక ఒక చిన్న దిండు, కొన్ని వ్యాయామాలు, అవసరమైతే ఉత్త పారాసిటమాల్. పెగ్ పొడిని సార్ ఒక్కసారిగా ఆపనివ్వలేదు. రోజూ అన్నది రోజు విడిచి రోజు, తర్వాత వారానికి ఒకటి రెండు, అలా తగ్గించారు. ఆయింట్‌మెంట్ చెప్పినన్ని వారాలూ పూశాను, చీలిక మానింది, ఆపరేషన్ అవసరం పడలేదు.

ఇప్పుడు కూడా పౌర్ణమి వచ్చిందంటే అరుణాచలం గిరిప్రదక్షిణ ట్రిప్పులతో అన్నీ తారుమారు అవుతాయి. రాత్రంతా జనం, బండి పెట్టేది ఒక చోట, టాయిలెట్ ఇంకెక్కడో. రెండు రోజులు కదలకపోతే ఆ రాత్రి ఒక పెగ్ సాచెట్ తాగుతాను. ఇంకో రోజు చూసి అప్పటికీ రాకపోతే బిసాకోడిల్ సపోజిటరీ (కింద నుంచి లోపలికి పెట్టుకునే మాత్ర), అదీ మర్నాడు ట్రిప్పు లేదని ఖాయం చేసుకొని, ఇంట్లో ఉన్నప్పుడు. అది గంటలోపే పనిచేస్తుంది కాబట్టి నగరి దాకా వెంటపడదు. దానికీ లొంగకపోయినా, మళ్ళీ రక్తం కనిపించినా సార్‌కు ఫోను చేయాలి, ఇంట్లో ప్రయోగాలు చేయకూడదని చీటీ వెనకాల రాసిచ్చారు. ఆ చీటీ, రెండు సాచెట్లు, ఒక నీళ్ళ బాటిలు బండి డ్యాష్‌బోర్డులో ఉంటాయి. స్టాండులో ఎవరికైనా కావాలంటే చీటీ ఫొటో తీసుకోండి, కానీ మందులు మాత్రం మీ డాక్టర్‌కు చూపించుకొని మీకు సరిపడేవి రాయించుకోండి.